నేను రాయని అర నిమిషం

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. చిన్నప్పుడు కల్లూరులో మా మేనత్త పొద్దుగూకాక పెరటి చింతచెట్టు కిందికి పోవద్దంటే, పనిగట్టుకుని పోయి కూర్చునేదాన్ని. ఇప్పటికీ నమ్మను. ఇది చదివి "చూశావా, ఉన్నాయిగా" అంటూ వాదనకు వచ్చేవాళ్ళకు ముందే చెబుతున్నాను, నాతో పెట్టుకోకండి.

రెండు వేల ఐదో, ఆరో. ఎంసీఏ అయ్యాక ఖమ్మంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఫ్యాక్టరీల్లో మిషన్లను నడిపే చిప్‌లకు ప్రోగ్రాములు రాయడం మా పని. మేం రాసింది మనుషులు చదవగలరు గానీ చిప్ చదవలేదు. కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని చిప్ భాషలోకి మారుస్తుంది. అలా మార్చినదాన్ని చిప్‌లోకి ఎక్కిస్తాం. కంపైలర్‌కు సొంత తెలివి ఉండదు. మనం ఆగమని రాస్తేనే మిషన్ ఆగుతుంది, రాయకపోతే ఆగదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి చాలు.

సత్తుపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఒక పామాయిల్ ఫ్యాక్టరీ మా కస్టమర్. తోటల నుంచి వచ్చిన గెలల్ని ట్రాలీల్లో నింపి, రైలు పెట్టెంత పొడవున్న ఇనప గొట్టంలోకి తోస్తారు. తలుపు బిగించి బటన్ నొక్కితే, వాల్వు తెరుచుకుని ఆవిరి లోపలికి పోతుంది. గెలలు ఉడుకుతాయి. ఆ వాల్వును నడిపే ప్రోగ్రాంను మా కంపెనీలోనే పనిచేసిన సుదర్శనం గారు పాత రకం చిప్‌కు రాశారు. నేను చేరేసరికే ఆయన గుండె జబ్బుతో పోయారు. ఆ పాత చిప్‌లు బజార్లో దొరకడం మానేశాయి. అందుకని ఆయన రాసినదాన్ని సి భాషలోకి మార్చి, కొత్త చిప్‌కు కంపైల్ చేసే పని నాకు అప్పగించారు.

ఆయన ప్రోగ్రాంలో ఒక వింత కనిపించింది. బటన్ నొక్కాక అర నిమిషం పాటు మిషన్ ఏమీ చేయకుండా ఊరికే ఆగుతుంది. ఎందుకో ఎక్కడా చెప్పలేదు. ఫ్యాక్టరీ మేనేజర్‌ని అడిగితే ఇంతెత్తున లేచాడు.

"గదే తీసెయ్యమంటున్నమమ్మా. బటన్ పనిచేస్తలేదని మావోళ్ళు మళ్ళ మళ్ళ నొక్కుతున్నరు. నొక్కంగనే ఆవిరి రావాలె."

తలుపు పూర్తిగా బిగిస్తే తప్ప బటన్ పనిచేయని ఏర్పాటు ఎలాగూ ఉంది. అందుకని ఆగడం లేకుండానే రాశాను. ఆఫీసు బల్ల మీద వాల్వు బదులు బల్బు పెట్టి చూశాను. నొక్కగానే వెలిగింది. పదిసార్లు నొక్కినా అంతే.

ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి బిగించాను. నొక్కాను. ఆవిరి రాలేదు. అర నిమిషం గడిచాక వచ్చింది.

పాత ప్రోగ్రాం పొరపాటున ఎక్కిందా అనుకోవడానికి లేదు, అది ఈ చిప్‌లో నడవనే నడవదు. చిప్ మార్చాను. వైర్లు, చిప్ సిగ్నల్ ఇవ్వగానే టక్కుమని వాల్వుకు కరెంటు కలిపే రిలే మార్చాను. చిప్‌లో ఉన్నదాన్ని వెనక్కి చదివించి నా ఫైలుతో పోల్చాను, అక్షరం తేడా లేదు. చిప్ కాలు దగ్గరే మీటర్ పెట్టి చూశాను. అర నిమిషం దాకా చిప్పే సిగ్నల్ వదలడం లేదు. అదే చిప్‌ను బల్ల మీదికి తెస్తే బుద్ధిగా వెంటనే వెలిగిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బటన్ దగ్గర ఉండే ఆపరేటర్ వెంకన్నకు మాత్రం అంతా తేలిపోయింది.

"సుదర్శనం సారు ఇంక ఇడిసిపెట్టలే మేడం, మిషన్‌ను."

మర్నాడు నేను వచ్చేసరికి చిప్ బిగించిన ప్యానెల్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. వాటిని పీకి అవతల పారేశాను. అందరూ నా మొహం చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. నా ప్రోగ్రాంలో తప్పుంటే నేను వెతుక్కుంటా గానీ, చచ్చిపోయిన మనిషి నెత్తిన రుద్దుతారా?

ఆ మధ్యాహ్నం ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. ప్యానెల్లో రిలే ఎప్పుడు కొట్టుకుంటుందో చెవితో వినాలని చుట్టుపక్కల మిషన్లన్నీ ఆపించాను. ఈ గొడవలో మామూలుగా జరిగేది ఒకటి జరగలేదు. ఒక విడత గెలలు ఉడికి బయటికి వచ్చాక, గొట్టం అడుగున రాలిన కాయలు నీళ్ళు పోయే తూముకు అడ్డం పడకుండా ఆడవాళ్ళు లోపలికి పోయి ఏరతారు. ట్రాలీలు తోసే ముందు ఒకరు తొంగి చూసి కేకేస్తారు. ఆరోజు అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. ట్రాలీలు తోశారు, తలుపు బిగించారు.

వెంకన్న బటన్ నొక్కాడు. "ఎవరూ మాట్లాడొద్దు" అని అరిచి, ప్యానెల్‌కు చెవి ఆనించాను.

రిలే చప్పుడు కాలేదు. గొట్టం లోపలి నుంచి ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు వచ్చింది.

వెంకన్న అన్నీ ఆపేసే ఎర్ర బటన్ మీద గుద్దాడు. నలుగురు కలిసి తలుపు తీసి, ట్రాలీలు లాగారు. చిట్టచివర, ఇనప తట్ట చేతిలో పట్టుకుని లచ్చమ్మ నిలబడి ఉంది. కాయలేరే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిడ. చెమటకు చీర ఒంటికి అతుక్కుపోయింది. ట్రాలీల మోతలో, ఆ మందపాటి ఇనుము అవతల మాకు వినపడలేదు గానీ, అరిచి అరిచి గొంతు పోయింది. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తలుపు బిగిచ్చిన సప్పుడు ఇన్న బిడ్డా. ఇగ అయిపోయిననుకున్న. ఆవిరెందుకు రాలే?"

 ఆమెను ప్యానెల్ పక్కన కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించాను. నేను రాసింది రాసినట్టు నడిచి ఉంటే లచ్చమ్మ ఉడికిపోయేది. దయ్యాల కథలేవీ నన్ను భయపెట్టలేదు గానీ, ఈ మాట ఇప్పటికీ భయపెడుతుంది.

"ఇప్పుడన్న నమ్ముతరా మేడం?" అన్నాడు వెంకన్న.

"నమ్మను" అన్నాను.

మేనేజర్ వచ్చి జరిగింది బయట అనొద్దని అందరికీ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "రేపటికల్లా ఆ ఆగుడు జర తీసెయ్యమ్మా."

నాకు తిక్క రేగింది. "తీసేది లేదు. ఆ అర నిమిషం నేనే రాస్తాను, తలుపు దగ్గర గంట కూడా మోగిస్తాను. వద్దంటే ఈ చిప్ పీక్కుని పోతాను, మీరు గెలల్ని కట్టెల పొయ్యి మీద ఉడకేసుకోండి" అన్నాను. అంత మంది ముందు ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు లేరట. ఆయన ఖమ్మం ఫోన్ చేసి మా సారుకు ఫిర్యాదు చేశాడు. చేసుకోమన్నాను.

వాళ్ళ ఆఫీసు గదిలోనే కూర్చుని అర నిమిషం ఆగమని, ఆ లోపు గంట మోగించమని రాశాను. కంపైల్ చేసి, చిప్‌లోకి ఎక్కించి, బిగించాను. ముందున్న అర నిమిషం ఎక్కడి నుంచి వస్తోందో తేలనే లేదు కాబట్టి, దానికి నాది కలిసి నిమిషం పడుతుందని నా లెక్క.

బటన్ నొక్కాను. గంట మోగింది. సరిగ్గా అర నిమిషానికి ఆవిరి వచ్చింది. మళ్ళీ మళ్ళీ చూశాను. నేను రాసిన అర నిమిషమే ఉంది. రాయనిది లేదు.

ఆగమని నేను రాసిన లైను తీసేసి చూస్తే అది మళ్ళీ వస్తుందో రాదో తెలిసిపోతుంది కదా అని మా ఆఫీసులో ఇప్పటికీ వాదిస్తారు. నిజమే, తెలిసిపోతుంది. కానీ తీయను. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ అర నిమిషం ఎవరిదో, ఎలా వచ్చిందో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడది నా లైను. తీసేయమని ఎవరొచ్చినా సరే, ముందు ఆ గొట్టంలోకి వెళ్ళి నిలబడమంటాను.