డబ్బాలో తెచ్చిన జవాబు

2017లో కోదాడలో జూనియర్ కాలేజీల మధ్య సైన్స్ క్విజ్ జరిగింది. జువాలజీ లెక్చరర్‌గా ప్రశ్నలు అడిగిందీ, తీర్పు చెప్పిందీ నేనే. సూర్యాపేట, మిర్యాలగూడ జట్లు సమానంగా నిలిచాయి. ఆఖరి ప్రశ్న మిర్యాలగూడకు వచ్చింది: సముద్రపు నత్తలు, ఆల్చిప్పలు, స్క్విడ్‌ల వంటి మొలస్కా జీవుల రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఏది?

సుజాత అనే అమ్మాయి లేచింది. "చాలావాటిల హిమోసయనిన్ సార్. గని బురదల ఉండే ఒక ఆల్చిప్పల హిమోగ్లోబిన్ ఉంటది."

నా కార్డు మీద హిమోసయనిన్ అని ఒక్క మాటే ఉంది. "రెండు జవాబులు చెల్లవమ్మా," అన్నాను.

"మా చిన్నమ్మోళ్లు కాకినాడల ఉంటరు సార్. నేనే చిప్పలు కడిగిన. చేతులు ఎర్రగైనయ్."

"చేపలు కడిగి ఉంటావులే!"

హాలంతా నవ్వింది. కప్పు సూర్యాపేటకు పోయింది. మిల్లులో హమాలీ పని మానుకుని వచ్చిన ఆమె తండ్రి యాదగిరి వెనక వరసలోంచి లేచి, కూతురి సంచి అందుకున్నాడు.

నిరుడు కాకినాడలో శిక్షణకు వెళ్లినప్పుడు, రేవులో ఒకామె చిప్ప విప్పుతుంటే ఎర్రటి రక్తం కారింది. సుజాత చెప్పిన ఎర్ర చేతులు గుర్తొచ్చాయి. పుస్తకాలు తిరగేశాను. హిమోసయనిన్‌లో రాగి ఉంటుంది. ఆక్సిజన్ అందగానే నీలంగా మారుతుంది. బురదలో ఆక్సిజన్ తక్కువ. అక్కడ బతికే ఆ చిప్పకు మాత్రం మనలాగే ఇనుమున్న హిమోగ్లోబిన్, ఎర్ర కణాలు ఉన్నాయి. సుజాత చెప్పిందే నిజం.

వాకబు చేస్తే, ఆమె మిర్యాలగూడలోనే ఒక బడిలో సైన్స్ టీచర్ అని తెలిసింది. కాకినాడ నుంచి బతికున్న చిప్పలను తెప్పించి, తడి గోనెలో చుట్టి, డబ్బాలో పెట్టుకుని ఆ బడికి వెళ్లాను. యాదగిరిని కూడా పిలిపించమని సుజాతకు ముందే ఫోన్ చేశాను.

"డబ్బల ఏముంది సార్?" అంది సుజాత.

"నువ్వు చెప్పిన జవాబు. ఆ రోజు తప్పు నాదమ్మా."

ఆమె పిల్లలను చుట్టూ నిలబెట్టి తనే చిప్ప విప్పింది. తెల్లటి పళ్లెంలో ఎర్రగా పడింది. పిల్లలు కేకలు పెట్టారు.

"అరె, నిజంగనే ఎర్రగున్నది బిడ్డా!" అన్నాడు యాదగిరి. తల గోక్కున్నాడు. "ఆ దినం అందరితోని నేను గుడ నవ్వితి గదనే!"

"ఎరికే నాయినా, సూసిన. ఇద్దరికి సున్నా మార్కులు!"

ముగ్గురం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నాం.

ఇప్పుడు నా క్లాసులో ఎవరి జవాబైనా నా కార్డుతో కలవకపోతే, తప్పు అనే ముందు ఒక్కటే అడుగుతాను: "ఎక్కడ చూశావు?"