ఈశ్వరి వేణ్నీళ్లు

ధర్మవరంలో ఈశ్వరి చిన్నప్పటినుంచి పట్టుచీరలు నేస్తోంది. పొద్దున్నే తలకు వేణ్నీళ్లు పోసుకుని, మగ్గానికి దీపం పెట్టి, ఆ తర్వాతే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేతకు కూర్చుంటుంది. భర్త పోయినా ఆ పద్ధతి పోలేదు. మరిది కేశవకు అన్నం కలిపి పెట్టిందీ, నేత నేర్పిందీ ఆమే. "మా వదినే నాకు అమ్మ" అని అతను పదిమందిలో చెప్పేవాడు. చెప్పడానికేం, నోటికి ఖర్చు లేదు కదా.

మిద్దె మీద సోలార్ పెట్టించినప్పటినుంచి నీళ్లు పొగలు కక్కుతూ వచ్చేవి. మొన్న కార్తీకంలో కేశవ మేడమీద తన గదికి కొత్త బాత్రూం కట్టించాడు. చేతి షవరులో నీళ్లు జోరుగా రావాలని చన్నీళ్ల పైపుకు చిన్న మోటరు కూడా పెట్టించాడు. అంతే, ఇంట్లో ఏ వేణ్నీళ్ల కొళాయి తిప్పినా గోరువెచ్చని నీళ్లే. అందరికంటే ముందు లేచేది ఈశ్వరి కాబట్టి నేరం ఆమెకే అంటగట్టారు.

"అక్క బక్కెట్లకు బక్కెట్లు పోసుకుంటాంటే మనకు యాడ మిగుల్తాయి?" అంది కేశవ భార్య పావని, కింద ఉన్న ఈశ్వరికి వినబడేలాగే.

ఈశ్వరి మర్నాటి నుంచి చన్నీళ్లే పోసుకుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయి పోగు చేతికి దొరికేది కాదు. అయినా కొళాయిలో వేడి రాలేదు. అప్పుడు కేశవ కిందికి దిగొచ్చాడు.

"వదినా, మగ్గం మింద చెయ్యేసి చెప్పు. నువ్వు వేణ్నీళ్లు ముట్టలేదా?"

ఈశ్వరి ఆ మగ్గం మీదే అతని చెయ్యి పట్టుకుని నేర్పింది. ఇప్పుడు అదే మగ్గం మీద చెయ్యేసి, "ముట్టలేదప్పా" అంది. అతను నమ్మినట్టు కనబడలేదు.

ఆదివారం ప్లంబర్ కుళ్లాయప్ప వచ్చాడు. సోలార్ ట్యాంకు నుంచి దిగే పైపును తాకి, చుర్రుమనేసరికి చెయ్యి లాక్కున్నాడు. తప్పు అక్కడ లేదని మేడమీది బాత్రూంలోకి వెళ్లాడు.

"చేతి షవర్ మీట మాత్రం ఆపేసి, ఈ వేణ్నీళ్లది, చన్నీళ్లది రెండు కొళాయిలూ తెరిచే పెట్టింది ఎవరప్పా? మోటరు తోస్తాంటే చన్నీళ్లు ఈడనుంచి వేణ్నీళ్ల పైపులోకి పోతాండాయి. ఇంగ వేడి యాడుంటాది?"

వేడీ చల్లా రోజూ కలుపుకోవడం ఎవరికవుతుందని పావనే అలా వదిలేసేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మాటలు మాత్రం ఈశ్వరి పడింది.

"పోనీలే వదినా, తప్పు దొరికింది గదా" అన్నాడు కేశవ.

"దొరికింది. నేను అబద్ధం చెప్పలేదని ఇప్పుడన్నా ఒక మాట అనబ్బా."

కేశవ ఫోను చూసుకుంటూ మెట్లెక్కిపోయాడు. అతను తనను దొంగలా నిలబెట్టి అడిగినదానికంటే, తప్పు తేలాక కూడా ఆ ఒక్క మాట అనకుండా పోవడమే ఆమెను కాల్చింది.

మర్నాడు పొద్దున పావని పైనుంచి కేకేసింది. "అక్కా, నీళ్లు బాగా కాగిండాయి, పోసుకో!"

ఈశ్వరి పొగలు వస్తున్న కొళాయి కట్టేసింది.

"మీరే పోసుకోండమ్మా. రేపు తక్కువైతే నేను మళ్లా మగ్గం మింద చెయ్యేసి చెప్పాల్సొస్తాది."

బక్కెట్టును చన్నీళ్ల కొళాయి కిందికి జరిపింది.