తారు కింద నీళ్ళు

పెళ్ళికి ముందు నేను సివిల్ డిప్లొమా చదివాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మదనపల్లెలో ఇల్లు, పిల్లలు, వంట. చిన్నది బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది, మా వీధిలోనే ఉండే ఒక కంట్రాక్టరు సూపర్‌వైజరు కోసం వెతుకుతున్నాడని విని నేనే వెళ్ళి అడిగాను. ఆయనవి పెద్ద రోడ్ల పనులు కావు. మండీలు, పెట్రోలు బంకులు, గోడౌన్లు, షాపింగ్ కాంప్లెక్సుల ముందు వేసిన తారు నేలల్ని బాగుచేసే పని. గుంతలు పూడ్చడం, పగుళ్ళు మూయడం, అరిగిన చోట కొత్త పొర వేయడం.

"ఎండలో నిలబడుకోగలవా మ్మా?" అన్నాడాయన.

"వంటింటి సెగ కంటే ఎక్కువేం ఉంటాదిలేన్నా" అన్నాను.

నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

నా మొదటి పని పుంగనూరు పొలిమేరలో ఉన్న ఒక ప్రైవేటు టమోటా మండీ. పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో, టెంపోల్లో కాయలు వచ్చేవి. రేకుల షెడ్డు కింద ఇరవై మంది దాకా ఆడవాళ్ళు కూర్చుని పండునూ దోరకాయనూ వేరుచేసి క్రేట్లలో నింపేవాళ్ళు. షెడ్డుకూ లారీలు ఆగే చోటుకూ మధ్య తారు నేల కుంగి, మంచమంత గుంత పడింది. నెత్తిన క్రేటు పెట్టుకున్నవాళ్ళు దాన్ని తప్పించుకుని నడుస్తున్నారు.

మా గ్యాంగుకు మేస్త్రి ఒక ఆడమనిషి. బైరెడ్డిపల్లె దగ్గర ఏదో పల్లె ఆమెది. యాభై దాటి ఉంటుంది. పెళ్ళికాక ముందు నుంచీ తారు పనిలోనే ఉంది. అందరూ పెద్దక్క అంటుంటే నేనూ అలాగే పిలిచాను. చీర మీద మగవాళ్ళ చొక్కా, కాళ్ళకు పాత బూట్లు. ఆమె గడ్డపార తీసుకుని గుంత చుట్టూ నాలుగు చోట్ల పొడిచింది. ఒక చోట గడ్డపార జానెడు లోతుకు దిగింది.

"అడుగు మెత్తగా ఉండాది మ్మా. పైన ఏసినా నిలబడదు. తవ్వాల" అంది నాతో.

మండీ యజమాని కొంచెం దూరంలో ఫోను మాట్లాడుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట "సారు యాడ?" అని. సారు లేడు, నేనే చూసుకుంటానని చెబితే, నా భుజం మీదుగా గేటు వైపు ఒకసారి చూసి, "సరే, పైన ఒక పొర ఏసేయండి, సాలు. రేపు లారీలు వస్తాయి" అన్నాడు.

తవ్వాలని నేను చెప్పలేదు. మొదటి పని. ఒక్క రోజులో ముగించాలని కంట్రాక్టరు చెప్పి పంపాడు. చెబితే ఈమెకేం తెలుసని యజమాని అనుకుంటాడేమోనని ఒక భయం. పెద్దక్క నా ముఖం చూసి, గడ్డపార పక్కన పెట్టి పార అందుకుంది. సాయంత్రానికి గుంత నిండి, నేల నల్లగా నున్నగా మెరిసింది. ఫోటో తీసి కంట్రాక్టరుకు పంపాను. ఇంట్లో కూడా చూపించాను.

నెల తిరక్క ముందే మండీ నుంచి ఫోను వచ్చింది. నాలుగు రోజులు ముసురు పట్టి, లారీ చక్రం కింద మేము వేసిన పొర పెచ్చులుగా లేచిపోయింది. క్రేటు మోస్తున్న ఒకామె అందులో కాలు పెట్టి పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది.

తెల్లవారగానే పుంగనూరు బస్సెక్కాను. దారంతా యజమానితో ఏం చెప్పాలో అల్లుకుంటూ పోయాను. వాన ఎక్కువైందనవచ్చు, బరువెక్కువ లారీలనవచ్చు. గేటు దగ్గర దిగేసరికి అవేవీ నోటికి వచ్చేలా లేవు.

ముందు పడిపోయిన ఆమె దగ్గరికి వెళ్ళాను. చేతికి పిండికట్టుతో షెడ్డులోనే కూర్చుని, ఎడమచేత్తో కాయలు ఏరుతోంది. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదని వచ్చిందట. నేనెవరో చెప్పి, తప్పు నాదేనన్నాను.

ఆమె కాయలు ఏరడం ఆపలేదు. "ఆ గుంత ఇప్పటిది కాదు మ్మా. ఇంతకు ముందు ఇద్దురు ముగ్గురు వచ్చి ఏసిపోయినారు. ఈడ క్రేట్లు కడుగుతాం సూడు, ఆ నీళ్ళు యాడికి పోతాయో ఎవురూ అడగల్యా."

ఆమె చూపించిన వైపు చూశాను. షెడ్డు వెనక గోడ పక్కన కొళాయి, దాని చుట్టూ ఖాళీ క్రేట్ల గుట్ట. కడిగిన నీళ్ళు గోడ వెంట పారి, నేల అంచున ఉన్న ఒక పగులు దగ్గర కనబడకుండా పోతున్నాయి. కాలువ లేదు. రోజూ ఆ నీళ్ళన్నీ తారు కిందికే దిగుతున్నాయి. లోపల మన్ను బురదైతే పైన ఎంత తారు వేసినా ఏం లాభం? పుస్తకంలో నేను చదివిందే ఇది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

యజమాని తన గదిలో ఉన్నాడు. నిలబడే చెప్పాను.

"అడుగు మెత్తగా ఉందని మా మేస్త్రి ఆ రోజే చెప్పింది. నేను మీకు చెప్పలేదు. మీరు ఒప్పుకోరని భయపడ్డాను."

ఆయన చేతిలోని ఫోను బల్ల మీద పెట్టాడు. తర్వాత, "సెప్పింటే నేను ఒప్పుకునింటానో లేదో, అదీ నిజమే" అన్నాడు. "ఇప్పుడేం సేయాల?"

తవ్వి తీయాలి. క్రేట్లు కడిగే చోటుకు కాలువ కట్టాలి. మూడు రోజులు మండీలో ఈ సగం మూసేయాలి. మూడు రోజులనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. వాకిట్లోంచి మా మాటలు వింటున్న పిండికట్టు ఆమె లోపలికి తొంగిచూసింది.

"అప్పా, మేం ఆ పక్క కూసుంటాం. లారీలు ఎనక గేటు నుంచి రానీ. మూన్నాళ్ళే కదా" అంది.

ఆయన ఆమె చేతి వైపు చూశాడు. "సరే, కానీయండి" అన్నాడు.

ఖర్చు సంగతి కంట్రాక్టరూ ఆయనా ఫోనులో తేల్చుకున్నారు. ముసురు విడిచి ఎండ కాసిన వారం చూసుకుని దిగాం. పెద్దక్క సుద్దతో నలుచదరంగా గీత గీసి, ఆ గీత వెంటే కోయించింది. కింద నుంచి తీసిన మన్ను నల్లగా, పుల్లటి టమోటా వాసన కొట్టింది. గట్టి నేల తగిలేదాకా తవ్వాం. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండకు ఆరనిచ్చాం. పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఒక్కో పొరకూ రోలరు. ఆ పక్కనే గోడ వెంట సిమెంటు కాలువ కట్టి, బయట కొబ్బరి మొక్కల దాకా తీసుకెళ్ళాం. మూడో రోజు పలమనేరు వైపు ప్లాంటు నుంచి వేడి తారు కంకర టార్పాలిన్ కప్పుకుని వచ్చింది. చల్లారకముందే పరిచి తొక్కించాలి. నేనూ పార పట్టుకున్నాను. నా చెప్పు అడుగు కరిగి అతుక్కుంటే పెద్దక్క తన సంచిలోంచి ఇంకో జత బూట్లు తీసి ఇచ్చింది.

"రెండు సైజులు పెద్దవి. గుడ్డ కుక్కుకో" అంది.

పని అయ్యాక ఆమె ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి కొత్త నేల మీద పోసింది. నీళ్ళు ఒక క్షణం ఆగి, వాటం చూసుకుని, కాలువ వైపు పారిపోయాయి. షెడ్డులో ఆడవాళ్ళందరూ లేచి నిలబడి చూశారు.

"ఇంగ సాలు" అంది పెద్దక్క. ఆమె నోట మెచ్చుకోలంటే అంతే.

తర్వాతి వానాకాలం మధ్యలో, పని లేకపోయినా ఒకసారి మండీ దగ్గర దిగి చూశాను. ఎక్కడ తవ్వామో వెతుక్కోవాల్సి వచ్చింది. పిండికట్టు విప్పేసిన ఆమె క్రేటు నెత్తిన పెట్టుకుని దాని మీదుగానే నడిచి వెళ్తూ, "తిన్నావా మ్మా?" అని అడిగింది. యజమాని టీ తెప్పించి, కుప్పంలో తన బామ్మర్దికి పెట్రోలు బంకు ఉందనీ, డీజిలు కారి కారి అక్కడి తారు సున్నిపిండిలా రాలుతోందనీ చెప్పాడు. "నీ నెంబరు ఇచ్చినా. సారు నెంబరు కాదు, నీదే" అన్నాడు.

కుప్పం పని చలికాలంలో పడింది. ఏడింటికి చేరేసరికి బంకు మొత్తం మంచులో మునిగి ఉంది. నేల మీద చెయ్యి పెడితే తడి. బంకు ఆయన అప్పటికే సగం చోటు ఖాళీ చేయించి ఎదురుచూస్తున్నాడు.

"మొదలుపెట్టరా మ్మా? ఏంటికి ఆలస్యం?"

"నేల తడిగా ఉంది. ఇప్పుడు వేస్తే పట్టదు. ఎండ రావాలి, పదైనా అవుతుంది" అన్నాను.

"అంతసేపా?"

"అవునన్నా, అంతసేపే."

ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, కాసేపటికి మా ఆరుగురికీ టీలు పంపించాడు. టైర్ల మీద కూర్చుని తాగాం. పెద్దక్క తన మనవరాలు పాలిటెక్నిక్ పరీక్షకు చదువుతోందని చెప్పింది. "సివిలే తీసుకుంటాదంట. వద్దని సెప్పలే నేను" అంది.

పదిన్నరకు మంచు విడిచి నేల తెల్లగా ఆరింది. పెద్దక్క వంగి అరచేత్తో తడిమి చూసి, లేచి, నా వైపు తిరిగింది. నేను సరేనన్నాను. పంపులకు దూరంగా, గేటు బయట తారు డబ్బా కింద బర్నరు వెలిగించారు.