అవతలి గట్టున మా మేస్త్రీ

మా మేస్త్రీ పోయాడని పోయిన సోమవారం ఆయన అల్లుడు జగిత్యాల నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సరే అన్నాను. ఎప్పుడు, ఎలా అని కూడా అడగలేదు.

గల్ఫ్ యుద్ధానికి రెండేళ్ల ముందు సౌదీలో హుఫూఫ్ దగ్గరి క్యాంపులో నేను కూలీగా చేరాను. తాపీపని నేర్పింది ఆయనే. సెలవురోజైన శుక్రవారం నన్ను ఖర్జూర తోటల వెనక్కి తీసుకెళ్లేవాడు. తోటలకు పారగా మిగిలిన నీళ్లు అక్కడ ఒక సన్నటి కాలువలో కలిసేవి. ఎడారి దేశంలో పారే నీళ్లంటే మీరు నమ్మకపోవచ్చు. అందులో అరచేతంత చేపలు కూడా ఉండేవి.

చోటు ఎంచుకోవడానికే ఆయనకు గంట పట్టేది. గాలం బయటికి తీయకుండా గట్టు వెంట నడిచేవాడు. కాలువ వంపు తిరిగేచోట, రెల్లు నీడ పడేచోట ఆగి, రొట్టె ముక్క వేసి చూసేవాడు. నాకేమో తొందర. "మనకు నచ్చితే సాలదు తమ్మీ, చేపకు నచ్చాలె" అనేవాడు. నా నీడ నీళ్ల మీద పడితే చొక్కా పట్టుకుని వెనక్కి లాగేవాడు. చివరికి ఒక వంపు మాదైంది. దాని సంగతి క్యాంపులో ఎవరికీ చెప్పకూడదనుకున్నాం.

యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే విషవాయువు భయంతో ముక్కుకు తడిగుడ్డలు కట్టుకుని కూర్చునేవాళ్లం. పోతే ఇద్దరం పోదాం, ఉంటే ఇద్దరం ఉందాం అని ఆయన మాటిచ్చాడు. ఒక శుక్రవారం, నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తానని నన్ను కాలువకు పంపాడు. సాయంత్రం దాకా మా వంపు దగ్గర ఎదురుచూశాను. తిరిగొస్తే ఆయన మంచం ఖాళీ. యుద్ధానికి దూరంగా కంపెనీ జెద్దాకు పంపిన బస్సులో మా గదికి ఒక్క సీటు వచ్చిందట. ముందురోజే ఆయన ఎదుట ఫోర్‌మన్ చీటీ తీస్తే నా పేరొచ్చిందట. నేనే రానన్నానని ఫోర్‌మన్‌కు చెప్పి ఆయన ఎక్కేశాడని గదివాళ్లు చెప్పారు.

యుద్ధమంతా అక్కడే ఉన్నాను. నాకేమీ కాలేదు. ఏమీ కాలేదుగా అని మనసుకు ఎంత చెప్పుకున్నా కోపం తగ్గలేదు.

ఎండాకాలంలో ఆయన తిరిగొచ్చాడు. శుక్రవారం కాలువకు వచ్చి, నా పక్కకు రాకుండా అవతలి గట్టున కూర్చున్నాడు. ఏడాది అలాగే గడిచింది. ఒకసారి అక్కడి నుంచే అన్నాడు: "అడిగితే సీటు ఇస్తుంటివి, నాకెరుకే. అడగనీకె సిగ్గయింది."

నిజమే, ఇచ్చేవాణ్ణి. ఆయన భయాన్ని ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి కూడా. కానీ నన్ను మా చోటికే పంపి కూర్చోబెట్టాడు చూడండి, అది మరవలేకపోయాను. గాలానికి ఇంకో రొట్టె ముక్క గుచ్చి నీళ్లలోకి విసిరాను.

గోడ నిలువుగా లేపడం, నీళ్ల ముందు ఓపికగా ఆగడం ఆయన దగ్గర నేర్చినవే. ఆ రెండింటితోనే ఇంతకాలం బతికాను. ఆ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన పాస్‌పోర్టులో ఎగ్జిట్ వీసా కొట్టించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోయే వారం, అవతల లేచి నిలబడి చెయ్యెత్తాడు. నేను చూశాను. చూడనట్టు నీళ్ల మీద తేలే గాలం బెండు వైపు తల దించుకున్నాను. తల ఎత్తకుండానే తెలుస్తోంది, ఆయన ఇంకా చెయ్యి దించలేదని.