ఆ సౌండే వేరట!

మా చిన్నప్పుడు... సూర్యాపేటలో మా ఇంటి ముందు గదిలో ఒక స్టీరియో సెట్టుకి కొత్తల్లుడి మర్యాదలు జరిగేవి. అమ్మ దాని కోసం క్రోషియాతో గుడ్డ అల్లి కప్పింది. మా మంచాలకు సరైన దుప్పటి లేదు గానీ దానికి మాత్రం ముసుగు!

ఈమధ్య ఎవరిని చూసినా అలాంటి సెట్ల ఫోటోలు పెట్టి "ఆ సౌండే వేరు" అంటూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకైతే ఒళ్లు మండుతుంది. మీరు మరిచిపోయారేమో... నాకు బాగా గుర్తుంది. అది చెత్త.

నాన్న బియ్యం మిల్లులో గుమస్తా. కోదాడ వెళ్లి, ఎవరో ముక్కలు అతికించి తయారుచేసిన సెట్టు తెచ్చాడు. "గోడలు అదిరిపోతాయండీ, మీ వీధిలో ఇంకెవరికీ ఉండదు" అన్నాడట షాపతను. ఆ మాటకే పడిపోయాడు నాన్న. మీద జపాన్ పేరులాంటి స్టిక్కరు, అదీ వంకరగా. ఒక్కో స్పీకరు డబ్బాకు మూడేసి గుండ్రాలు... మోగేది ఒక్కటే, మిగతావి ఉత్త ప్లాస్టిక్ మూతలు. వరసగా ఉన్న మీటల్ని పైకీ కిందికీ జరుపుతూ "ఇగ సూడు, ఇప్పుడెట్లున్నది!" అనేవాడు. ఎట్లా ఉంటుంది? ఇందాక ఉన్నట్టే ఉండేది. రంగు లైట్లు మాత్రం పాట ఆగినా మిణుకుమిణుకుమనేవి. పైన పటారం, లోన లొటారం.

ఇక పెన్సిల్ పెట్టి క్యాసెట్ తిప్పిన తీపి గుర్తులట... అదేమైనా విద్యా? టేపు నమిలే మిషన్ కొన్నందుకు పడిన శిక్ష అది.

ఇంతవరకే అయితే నవ్వుకుని వదిలేసేదాన్ని. కానీ ఆ ఏటి సద్దుల బతుకమ్మ ఉంది కదా...

మా వీధిలో పాట ఎత్తుకునేది నాయనమ్మే. ఆమె ఒక వరస అంటే, చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా "ఉయ్యాలో" అని అందుకునేవాళ్లు. మా వీధికి ఇంకో పద్ధతి కూడా ఉండేది. పెళ్లయ్యాక మొదటిసారి బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన పిల్ల పేరు, ఆమె మెట్టిన ఊరి పేరు కలిపి నాయనమ్మ ఒక చరణం కట్టి పాడేది. ఆ పిల్ల సిగ్గుతో తల వంచుకునేది గానీ చెవులు మాత్రం అటే ఉండేవి. ఎవరికైనా ఆ ఒక్కసారే. మరుసటి ఏడు ఇంకొకరి వంతు.

ఆ ఏటి వంతు మా మేనత్త సుజాతది... నాయనమ్మ సొంత కూతురు. త్రిపురారం ఇచ్చారు. గునుగుపూలు కట్టలు కడుతూ నాయనమ్మ పొద్దంతా ఏదో గొణుక్కుంటూనే ఉంది.

"ఏం పాడుతవే అమ్మా నా మీద?" అని అత్త అడిగితే, "గాడనే ఇందువు తియ్యి బిడ్డా" అని నవ్వింది.

సాయంత్రం బతుకమ్మల్ని వీధి మధ్యలో పెట్టగానే నాన్న వైరు లాగి డబ్బాలు రెండూ అరుగు మీద నిలబెట్టాడు.

"ఈసారి నీకు గొంతు నొప్పి ఎందుకే అమ్మా? బతుకమ్మ పాటల క్యాసెట్ తెచ్చిన. డబ్బా పాడుతది, మీరు సప్పట్లు కొట్టుండ్రి."

నాయనమ్మ అందరితోపాటు చప్పట్లు కొడుతూ తిరిగింది. క్యాసెట్‌లో పాడే ఆమెకు మా వీధి తెలుసా, మా సుజాతత్త తెలుసా? కాసేపటికి వోల్టేజీ పడిపోయింది. పాట సాగి సాగి, ఆడగొంతు కాస్తా దున్నపోతు గొంతు అయింది. అడుగులు తడబడ్డాయి. ఆఖరికి టేపు లోపల చుట్టుకుపోయి ఆగిపోయింది.

"పెద్దమ్మా, నువ్వందుకో. దాని మొకం మండ!" అంది ఎదురింటి యాదమ్మ.

నాయనమ్మ ఎత్తుకుంది. వీధంతా మళ్లీ కదిలింది. వరస మీద వరస అల్లుకుంటూ అత్త దగ్గరికి వచ్చింది. "త్రిపురారం కాలువ ఎంట..." అనగానే అత్త మొహం వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే వోల్టేజీ మళ్లీ పుంజుకుంది. నాన్న టేపు సరిచేసి, తన పరువు నిలబెట్టుకోవడానికి, సౌండు చివరిదాకా తిప్పి బటన్ నొక్కాడు.

గోడలు అదిరాయి. కోదాడ షాపతను ఆ ఒక్క మాట నిజమే చెప్పాడు.

నాయనమ్మ పాట ఆపలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. అత్త ఆమె వైపు వంగింది. పక్కనే ఉన్న నాకూ ఒక్క ముక్క వినపడలేదు. "బంద్ చెయ్యి!" అని యాదమ్మ చేతులూపి అరిస్తే, మెచ్చుకుంటోందనుకుని నాన్న కూడా చెయ్యి ఊపాడు. ఆయనకు అర్థమై ఆపేసరికి చరణం అయిపోయింది.

ఇంటికి వచ్చాక అత్త బతిమాలింది. "ఇంకోపాలి పాడవే అమ్మా, నాకు ఇనపడలే."

"బతుకమ్మ కాడ అందరి నడుమ పాడితేనే పాట బిడ్డా. ఇంట్ల కూసొని పాడితే ఉత్త ముచ్చట అయితది" అంది నాయనమ్మ.

మరుసటి ఏడు పాట ఎత్తుకోమంటే "డబ్బా ఉన్నది గదా" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నాయనమ్మ పోయింది. డబ్బా పాత సామాన్ల బండికి పోయింది. దాన్ని ఎత్తుకుంటూ "లైట్లు ఎలుగుతయా?" అని అడిగాడు బండివాడు. ఆ ఘనకార్యం ఒక్కటే చేతనయ్యేది దానికి.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటున్నాను. మా కాలనీ బతుకమ్మకు డీజే వస్తుంది... ఆ డబ్బాకు సొంత మనవడు. పోయినసారి సుజాతత్త మా ఇంటికి వచ్చింది. ఆ మోతలో నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా అరిస్తే గానీ ఆమె మాట నాకు వినపడలేదు.

"మా అమ్మ నా మీద పాట కట్టింది గదనే... కాలువ ఎంట ఏమైందో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు."

అందుకే చెబుతున్నా, మీ ఇంటి సెట్ల ఫోటోలు కామెంట్లలో పెట్టకండి, నేను చూడను. మీ పేరు పెట్టి ఎవరైనా ఎప్పుడైనా పాడి ఉంటే... ఆ మాటలు మీకు వినపడి ఉంటే... అవి రాయండి. మా అత్తకు చదివి వినిపిస్తాను.