గేటు కాడ పచ్చ చీర

నాకు సంతకం పెట్టను వచ్చు, బస్సు నెంబరు చదవను వచ్చు. అంతకు మించి రాదు. నేను చెప్తా ఉంటే నా కూతురు రాస్తా ఉండాది. నా మాటలు దిద్దొద్దని దానికి ముందే చెప్పినా.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకి తిక్క లేస్తదని లోకమంతా భయపడతా ఉండిన ఏడు, నేను సిడ్నీలో ఉండినా. ఆ ఊళ్ళోనే గిరావీన్ అనే పేటలో కూతురిల్లు. దానికి కాన్పయితే పసిదాన్ని చూసుకోను నన్ను పిలిపించుకున్నారు. ఆరు నెల్ల వీసా. అల్లుడి పని ఆ కంప్యూటర్లకి మరమ్మత్తు చేసేదే. పాత మిషన్లు రెండు సున్నాలు చూస్తే పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయంట. వాటికి బుద్ధి చెప్పను ఆదివారాలు కూడా ఆఫీసుకి పోయేవాడు.

ఆ ఇంట్లో నాకు కాలు నిలిచేది కాదు. పసిది నిద్రపోతే వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి తిరుగుతా ఉంటా. పట్టాలు దగ్గరే. కరెంటు రైళ్ళు పిల్లి మాదిరి పోతాయి, వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. ఒక ఆదివారం గిన్నెలు కడగతా ఉంటే కూత ఇనిపించింది. కరెంటు రైలు కూత కాదు. ఆవిరి కూత. కడుపులోంచి వచ్చే కూత. పసిదాన్ని చంకనేసుకోని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి ఉరికినా. నేను మలుపు తిరిగేసరికి అది వెళ్ళిపోయింది. ఇళ్ళ పైన నల్లపొగ మాత్రం నిలబడి ఉండాది. వెనక్కొచ్చి చూస్తే, నేను ఉరికినప్పుడే తలుపు గడియ పడిపోయుండాది. కూతురు కూడా ఇంట్లో లేదు. అల్లుడు వచ్చేదాకా మెట్ల మీద కూచున్నాం, నేనూ పసిదీ. అల్లుడొచ్చి తాళం తీసినాడు. కూతురొచ్చి తిట్టింది. బొగ్గింజన్ కోసం బిడ్డని ఎండలో కూచోబెడతావా అనింది. దాని కోపం న్యాయమే. కానీ నాకెందుకు ఉరకాలనిపించిందో దానికి తెలీదు.

మా ఆయన ఫైర్‌మన్, రైలింజన్ పొయ్యిలోకి పారతో బొగ్గేసే పని. నెల్లూరు వైపు ఒక లోకోషెడ్డు ఊళ్ళో మా కాపురం, రైల్వే కోటర్సులో. ఆయనకెప్పుడూ గూడ్సు డ్యూటీనే. ఆ గూడ్సు కంటే మా నాయన ఎద్దులబండి నయం. ఒక్కసారన్నా దౌడు తీసే మెయిలు బండి ఇంజన్ ఎక్కాలని ఆయనకి ప్రాణం కొట్టుకునేది. మా పెళ్ళయిన రెండో ఏట, మెయిలు ఫైర్‌మన్‌కి జొరమొచ్చి ఒక్క పూటకి ఈయన్ని పిలిచినారు. పొద్దన్నే తలకి గుడ్డ చుట్టుకుంటా నాతో చెప్పినాడు.

"రెండు మైళ్ళవతల రైలు గేటు కాడికి పో. ఆడికొచ్చేసరికి బండి స్పీడు అందుకోనుంటది. నన్ను అక్కడ చూడాల నువ్వు."

సరే అన్నా. పోలా.

ఆ పొద్దు షెడ్డులో బూడిద గుంట ఎత్తిపోసినారు. ఇంజన్లలోంచి దింపిన బూడిదలో కాలీ కాలని బొగ్గులు ఉంటాయి. కోటర్సు ఆడోళ్ళమంతా తట్టలు తీసుకోని పోయి ఏరుకుంటాం, వారం రోజులకి పొయ్యిలోకి సరిపోతాయి. ఆలస్యం చేస్తే ఒక్క ముక్క మిగలదు. నాలుగు ఏరుకోని పోదాంలే అనుకున్నా. ఒంగినదాన్ని ఒంగినట్టే ఉండా, మెయిలు కూత దూరంగా ఇనిపించింది. తట్ట అక్కడే పెట్టి నిలబడినా. ఇంకేం చేసేది.

మర్నాడు ఆయన ఇంటికొచ్చినాడు. పళ్ళు తప్ప ఒళ్ళంతా నలుపే. నేను పోలేదని చెప్పను నోరు తెరిచినా. అంతలోకే ఆయన అందుకున్నాడు.

"చూసినాలే నిన్ను. గేటు కాడ పచ్చ చీర కట్టుకోని చెయ్యి ఊపతా ఉంటివే. ఎట్టా పోయినాం?"

"బాణం మాదిరి పోయినారు" అన్నా.

నాకసలు పచ్చ చీరే లేదు. ఎవుర్నో చూసి నేననుకున్నాడు. ఆ ఆడమనిషి ఎవురో అని కోటర్సులో ఆరేసిన బట్టలన్నీ చూసుకుంటా చాన్నాళ్ళు తిరిగినా. కొత్త కాపురం, నాకు ఉడుకు. దొరకలా. ఆ చీర ఏదని ఎప్పుడన్నా అడిగితే ఏం చెప్పేదని భయమేసి, పండక్కి పచ్చ చీర కావాలని నేనే అడిగినా. మారుమాట లేకుండా తెచ్చిచ్చినాడు.

మళ్ళీ ఆయనకి మెయిలు దొరకలా. డీజిల్ ఇంజన్లు వచ్చినాయి, ఈయన్ని షెడ్డు పనికి మార్చినారు. ఉన్న ఒక్క మెయిలు కథనే బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు. ఎవురొచ్చినా, "మా ఆమె చూసింది, అడగండి" అనేవాడు. బొగ్గు పొగకి రొమ్ము చెడి మంచాన పడినంక కూడా అంతే. చూడనొచ్చినోళ్ళ ముందర నన్ను చెప్పమంటాడు. నేను చెప్పేదాన్ని. నేల అదిరిందని చెప్పినా. గేటు కాడ మేకలు చెదిరిపోయినాయని చెప్పినా. చెప్పే కొద్దీ కథ పెరిగింది. ఆయన కళ్ళు మూసుకోని ఇంటా నవ్వేవాడు. చూడనిదాన్ని చూసినట్టు, పోయే మనిషికి చెప్పినా. అది నన్ను వదల్లా. ఒక్క బొగ్గింజన్ పెద్ద లైను మీద దౌడు తీస్తా ఉంటే నా కళ్ళతో చూడాల. నేను చెప్పింది కొంతన్నా నిజమని తేలాల. మన కాడ అవి పాతసామాన్లోకి పోయినాయి. ఈ దేశంలో ఉండాయి.

అల్లుడు ఆఫీసులో కనుక్కోని వచ్చినాడు. పాత ఇంజన్లంటే పిచ్చి ఉండే మనుషులు ఇక్కడ ఉండారంట. వాళ్ళే తోముకోని, నూనె పోసుకోని, కొన్ని ఆదివారాలు జనాన్నెక్కించుకోని కొండల మీదికి పోయొస్తారంట. ఇంకో ఆదివారం కూతురు నన్ను మా స్టేషన్‌కి తీసకపోయింది. ప్లాట్‌ఫారం నిండా కెమెరాలు. ఇంజన్ వచ్చింది, నల్లగా నిగనిగలాడతా. సిగ్నల్ పడలేదని మెల్లంగా, పెండ్లికొడుకు ఊరేగింపు మాదిరి వచ్చి ఆగింది. జనం పోయి దాన్ని నిమరతా ఉండారు.

"చూసినావు గదమ్మా, ఇంక చాలా?" అనింది కూతురు.

"ఇది చూడడం కాదు. నిలబడినదాన్ని నేను వెయ్యిసార్లు చూసినా."

"మరి ఏం కావాల నీకు?"

నాయన్ని పోగొట్టుకున్న బిడ్డకి ఈ మాట ఎట్టా చెప్పేది.

మేం పప్పులు కొనే అంగడి ఒక సాయిబుది. గుంటూరాయన, పెద్ద మనసు. ఆదివారాలు సిడ్నీ దాటి గంటన్నర దూరంలో ఒక ఫారంకి పోయి పొట్టేలు మాంసం తెచ్చుకుంటాడు. ఆ దారిలో చాలా దూరం పట్టాలు రోడ్డు పక్కనే పోతాయని, అక్కడ రైళ్ళు ఆగకుండా పోతాయని మాటల్లో చెప్పినాడు. నన్ను తీసకపో నాయనా అని అడిగినా. ఆయన నవ్వినాడు.

"మీ అల్లుడేమో పాత మిషన్లు ఆగిపోతాయేమోనని నిద్ర మానేశాడు. మీరేమో పాత మిషన్ పరిగెత్తలేదని మానేశారు. ఒకే కొంపలో ఇద్దరు. రండి ఆంటీ, వ్యాన్‌లో చోటుంది."

ఇంజన్ ఆ లైను మీద పోయేది నా తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందర ఆదివారం. అదే ఆఖరు. అప్పుడు మొదలైంది ఎండ. అక్కడ డిసెంబరు అంటే మనకి మే నెల. గాలి వేడిగా కొడితే, నిప్పురవ్వ పడి ఎండుగడ్డి అంటుకుంటదని ఆ పొద్దుకి నిప్పు వాడకూడదని గవర్నమెంటు చాటిస్తది. అప్పుడు బొగ్గింజన్ తియ్యరు, డీజిల్ తగిలిస్తారు. వాళ్ళనేమనేది, రవ్వ ఏం చేస్తదో ఫైర్‌మన్ పెళ్ళానికి తెలీదా. ఆ వారమంతా టీవీలో ఎండా వానా చూపించే మ్యాపు ముందరే కూచున్నా. భాష తెలీదు, ఎర్ర రంగు తెలుసు. శుక్రవారం ఎరుపు. శనివారం ఎరుపు. లేస్తా, వాకిట్లోకి పోయి ఆకాశం చూస్తా, మళ్ళీ వస్తా. "నువ్వు తిరిగితే ఎండ తగ్గదమ్మా" అనింది కూతురు. ఆదివారం తెల్లారేసరికి దక్షిణం గాలి తిరిగింది. చల్లగా.

పచ్చ చీర కట్టుకున్నా, పైన కూతురి స్వెట్టరు. ముండమోసిన దాన్ని పచ్చ చీరలో చూసి సాయిబు ఏమన్నా అనుకున్నాడో లేదో, డోరు తీసిపెట్టినాడు. కూతురు పసిదాన్నెత్తుకోని వెనక సీట్లో కూచునింది.

గొర్రెల బీడు. కంచె అవతల పల్లంలో పట్టాలు, మేం గట్టు మీద. చాలాసేపు ఏమీ లేదు, ఈగలు తప్ప. నేను కంచె పట్టుకోని నడస్తా ఉండా, అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. కూతురు కూచోమంటే కూచోను. ఇంతలో పొగ. పొగ ముందర, చప్పుడు తరవాత. మొదట గుండె కొట్టుకున్నట్టు, తరవాత ఇంక కొట్టుకోను సందు లేనట్టు. కంచె తీగ నా చేతిలో వణికింది. నేల అదిరింది. అది మటుకు నేను సరిగ్గానే చెప్పినా ఆయనకి.

గట్టు మీద ఉండాం గాబట్టి ఇంజన్ లోపల కనిపించింది. డ్రైవరు తల బైటికి పెట్టి ముందుకే చూస్తా ఉండాడు. ఫైర్‌మన్ మా వైపు. చొక్కా వీపుకి అంటుకోనుండాది. పార బొగ్గులోకి, పార నిప్పులోకి, మళ్ళీ బొగ్గులోకి. పొయ్యి వెలుగు ఎర్రగా చేతుల మీద. నేను చెయ్యి ఊపినా, కొంగు ఊపినా. తల ఎత్తలా. ఎత్తను తీరిక ఏది, ఆ స్పీడుకి ఆవిరి చాలాలంటే పార ఆగకూడదు. రెండు అని లెక్కపెట్టేలోపల దాటిపోయినాడు. వెనక పెట్టెల్లో జనం మాత్రం గుడ్డలూపతా పోయినారు. బొగ్గు వాసన మిగిలింది.

కంచె వదల్లేకపోయినా.

"ఎట్టుండిందిమా? నాయన్ది మాదిరే పోయిందా?" అనింది కూతురు.

"ఫైర్‌మన్ తల ఎత్తలా."

"పనిలో ఉండాడు గదా."

"మీ నాయన కూడా పనిలోనే ఉండినాడు."

దానికి అర్థం కాలా. అప్పుడు చెప్పేసినా, గట్టు మీద నిలబడే. "నేను ఆ పొద్దు గేటు కాడికి పోలా. షెడ్డులో బొగ్గులేరుకుంటా ఉండా."

అది పసిదాన్ని ఈ భుజం మీదనించి ఆ భుజం మీదికి మార్చుకునింది. "మరి నాయన నిన్ను చూసినా అన్నాడే, పచ్చ చీరలో?"

"చూళ్ళా. చూడలేడు. ఇప్పుడు చూస్తివి గదా నువ్వు."

నేను బొంకింది సరే. ఆయనెందుకు బొంకినాడు? నేను నోరు తెరవకముందే ఎందుకు అందుకున్నాడు? రాలేదని నా మొఖంలోనే కనపడిందేమో. వ్యాన్ ఎక్కినంక గూడా అదే తిరగతా ఉండాది తలలో. ఫారం కాడ సాయిబు మాంసం ఐసు పెట్టెలో సర్దతా ఉంటే నాకు చీర గుర్తొచ్చింది. ఒక రంగు చీర ఉండగా అదే రంగు ఇంకోటి కావాలంటే మా ఆయన ఊరుకునే మనిషి కాదు, "ఉండేదాన్ని ఏం చేసినావు?" అని నిలేస్తాడు. ఆ పండక్కి అడగలా. పచ్చ చీర కావాలంటే తలొంచుకోని పోయి తెచ్చిచ్చినాడు, నాకు పచ్చ చీర లేదని తెలిసినట్టే. ఇన్నేండ్లూ ఆ అవతలి ఆడమనిషి కోసం బట్టల తాళ్ళు వెతికినా గానీ, ఈ మాట తోచలా.

ఆ ఇంజన్ సాయంత్రం వెనక్కొస్తదని సాయిబు చెప్పినాడు. "ఐసు కరిగేలోపు వస్తే సరే ఆంటీ, ఉందామా?"

ఉందామన్నా. మళ్ళీ అదే గట్టు మీద నిలబడినా. ఈసారి నడవలా.