పొడికి లేని మైల

నిన్న మనవరాలి పాలపొడి డబ్బా మూత తీసి, ఆ వాసనకు వెంటనే మూసేశాను. పటాన్‌చెరు పక్కన మన వాడ చర్చి ఆవరణలో చిన్నప్పుడు గిన్నెలు పట్టుకుని వరుసగా కూర్చున్న వాళ్లారా, మీకు గుర్తుందా? విదేశాల నుంచి వచ్చిన పాలపొడిని మా అమ్మ పెద్ద గుండిగలో వేడినీళ్లతో కలిపేది. ఉండలు కట్టేవి, అడుగంటిన వాసన వచ్చేది. అయినా ఎగబడి తాగేవాళ్లం.

నాకు రోత పుట్టించింది ఆ పాలు కాదు, ఊరి పటేల్ భార్య. వారం వారం వచ్చి, గేటు బయటే నిలబడి, ఇత్తడి డబ్బా నేలమీద పెట్టేది.

"పొడి పొయ్యవే. కలిపింది మాకొద్దు. మీ వాడ బాయి నీళ్లు మేం ముడుతమా?"

పొడికి మైల లేదట! మా నీళ్లు తగిలితేనే మైలట! పిల్లల కోసం వచ్చిన పొడి ఆమె డబ్బాలోకి పోయేది, మాకు తెల్లనీళ్లు మిగిలేవి. పాస్టరు అయ్యగారేమో, "అడిగినోళ్లకు లేదనొద్దమ్మా" అనేవారు.

ఒకరోజు ఆమె గేటు దగ్గర కనబడగానే అమ్మ బస్తాలో మిగిలిన పొడంతా గుండిగలో గుమ్మరించింది. గిరగిరా కలిపి, గ్లాసు నింపి, గేటు దాకా తీసుకెళ్లింది.

"పొడి లేదు పటేలమ్మా, అంతా కలిపిన. తాగుండ్రి."

పటేలమ్మ తుపుక్కున నేలమీద ఉమ్మి, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

అమ్మ ఆ గ్లాసు నా చేతికిచ్చింది. అంత చిక్కటి పాలు అంతకుముందెప్పుడూ తాగలేదు. కానీ ఎదురుగా ఆ ఉమ్మి ఆరుతుంటే తాగాను. ఇప్పటికీ పాలపొడి నాకు గొంతు దిగదు.